ఎడమ కాలికి పనిలేని బండి

జులై 20, ఆదివారం

కుడిచెయ్యి సిమెంటు కట్టులో ఉంది. ఎడమ చేత్తో రాస్తుంటే అక్షరాలు ఒకటో తరగతి పిల్లల రాతలా పడుతున్నాయి. ఎవరూ చదివేది కాదు కాబట్టి ఫర్వాలేదు.

పన్నెండు రోజులైంది. వాన పడింది. వాగు వంక దగ్గర బురద. ఏసేపన్న మోటారు సైకిలు జారింది. అంతే. నా మణికట్టు విరిగింది, పోలియో కాలికి వేసుకునే క్యాలిపర్ కడ్డీ వంగిపోయింది. అన్నకు భుజం మీద చర్మం లేచిపోయింది. ఇద్దరం బతికాం. దేవునికి స్తోత్రం.

ఈరోజు చర్చికి వెళ్ళలేదు. అందరూ అడుగుతారు. అందరికీ అదే చెప్పాలి.

మధ్యాహ్నం కృపమణి వదిన అన్నం కలిపి నోట్లో పెడుతూ, "ఆ పొద్దు మన డోన్‌లో చినుకు గూడా లేదు గదా సుజనా?" అంది.

"అక్కడ పడింది వదినా."

వదిన ఇంకో ముద్ద కలిపి నోట్లో పెట్టింది.

జులై 22

కారు కొంటాను.

జులై 27, ఆదివారం

మంగళవారం రాసిన ఆ ఒక్క ముక్కను రోజూ తెరిచి చూసుకుంటున్నాను. కొట్టేయలేదు.

జూన్ బదిలీల్లో నాకు పత్తికొండ వైపు పల్లె పడింది. ఇంటి నుంచి బడికి ముప్పై ఒక్క కిలోమీటర్లు. బస్సు రోడ్డు మీద దింపేస్తుంది. అక్కడి నుంచి బడి రెండున్నర కిలోమీటర్లు, క్యాలిపర్‌తో నడిస్తే నాకు ముక్కాలు గంట. అందుకే నెల రోజులు అన్న దింపాడు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఎప్పుడూ ఎవరో ఒకరి వెనకే కూర్చున్నాను. మొదట నాన్న సైకిలు, నాన్న పోయాక అన్న బండి. పక్క చక్రాల స్కూటరు కొనుక్కోమని అందరూ అంటారు. బండల లారీలు తిరిగే ఆ గతుకుల రోడ్డు మీద దానితో అంత దూరం వెళ్ళలేను. ఒకసారి పడ్డాను, చాలు.

మామూలు కారుకు క్లచ్ ఉంటుంది. క్లచ్‌కు ఎడమ కాలు కావాలి. కరెంటు కారుకు క్లచ్ లేదు, గేర్లు లేవు. నడిపేదీ ఆపేదీ కుడికాలే. నా కుడికాలు బలంగా ఉంటుంది, రెండు కాళ్ళ పనీ నలభై రెండేళ్ళుగా అదే చేస్తోంది. కొత్త కారుకు నా తాహతు చాలదు. కాబట్టి ఎవరైనా వాడినది.

సాయంత్రం అన్నతో చెప్పాను. ఒకే ప్రహరీలో మా రెండు ఇళ్ళు. అన్న ఒకప్పుడు బేతంచెర్ల బండల లారీ తోలేవాడు. ఇప్పుడు ఎవరైనా పిలిస్తే వెళ్తాడు.

"కరెంటు కారా?" అని నవ్వాడు. "నడిమధ్యలో నిలబడితే ఎవురు తోస్తారు పాపా? నా భుజం మానిందంటే నేనే దింపుతా గదా. రెండు వారాలాగు."

సరే అనలేదు. వద్దనీ అనలేదు.

ఆగస్టు 6, బుధవారం

మెడికల్ లీవులో చదవడం తప్ప వేరే పని లేదు. భౌతికశాస్త్రం చెప్పేదాన్ని, బ్యాటరీ గురించి పిల్లలకు ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. కొనాల్సి వచ్చేసరికి నాకేమీ తెలియదని తెలిసింది.

తెలిసిన సంగతి ఒకటే: బ్యాటరీయే బండి. అది పోతే మిగిలేది నాలుగు చక్రాల మంచం. అది ఎంత ఆరోగ్యంగా ఉందో కంపెనీ వర్క్‌షాపులో యంత్రం తగిలించి చూస్తే తెలుస్తుంది. బండిలో కనిపించే నూరు శాతం వేరు. అది కుండ నిండిందని చెబుతుంది, కుండ ఎంత పెద్దదో చెప్పదు. ఐదేళ్ళు టాక్సీగా తిరిగి, రోజూ హైవే మీద గబగబా చార్జింగ్ పెట్టిన బండి వద్దు. అడుగున దెబ్బలు చూడాలి, ఎందుకంటే బ్యాటరీ ఉండేది అక్కడే. బ్యాటరీ వారంటీ రెండో యజమాని పేరుకు మారుతుందా లేదా కాగితం మీద చూడాలి, నోటిమాట పనికిరాదు.

ఇంకా చాలా ఉన్నాయి. చెయ్యి నొప్పి.

ఆగస్టు 22, శుక్రవారం

కట్టు విప్పారు. చెయ్యి సన్నగా, తెల్లగా, ఎవరిదో అన్నట్టుంది. ఆర్టీవో ఆఫీసులో కారు నేర్చుకునే లైసెన్సు, ఎల్.ఎల్.ఆర్. కూడా వచ్చింది. కౌంటరులో మనిషి నా కాలి వైపు చూసి, నా మొహం వైపు చూసి, మళ్ళీ కాలి వైపు చూశాడు.

"ఆ కాలితో కారు ఎట్ల తోలుతావమ్మా?"

"ఈ కారుకు ఆ కాలితో పనిలేదు సార్."

డాక్టరు సర్టిఫికెట్టు ముందుకు తోశాను. ముద్ర వేశాడు.

ఆగస్టు 24, ఆదివారం

మా వీధి చివర కంబన్న మామ ఉంటాడు. ఆర్టీసీలో ముప్పై ఏళ్ళు బస్సు తోలి రిటైరయ్యాడు. బళ్ళారిలో ఉద్యోగం చేసే కొడుకు తన గేర్లు లేని పెట్రోలు కారును ఇంటి ముందు గుడ్డ కప్పి వదిలి వెళ్ళాడు. అడగడానికి మూడు రోజులు వెనకాడాను. అడిగితే, "దానికీ కదలిక కావల్ల, నీకూ కావల్ల. రా బిడ్డా," అన్నాడు.

మార్కెట్ యార్డు ఖాళీగా ఉంది. గంట సేపు. రెండుసార్లు గోడ దాకా వెళ్ళాను. మామ ఒక్కసారి కూడా స్టీరింగు మీద చెయ్యి వేయలేదు. "బ్రేకు నీ కాలి కింద ఉండాది గదా, నాదెందుకు?" అంటాడు.

దిగేసరికి వీపంతా చెమట. ఇంటికి నడిచి వస్తూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఎందుకో తెలియదు.

సెప్టెంబరు 3

బస్సు. ఎండ. రెండున్నర కిలోమీటర్లు. మొదటి పీరియడ్ సగం అయిపోయాక చేరాను.

 హెడ్‌మాస్టరు రిజిస్టరు నా ముందే మూశాడు.

సెప్టెంబరు 7, ఆదివారం

అన్న తానే వచ్చి చెప్పాడు. కర్నూలులో అరుణ్ కుమార్ అని తనతో పాటు లారీ తోలిన స్నేహితుడు ఇప్పుడు పాత కార్లు అమ్ముతున్నాడట. అతని దగ్గర కరెంటు కారు ఉందట. మూడేళ్ళది, ఇరవై ఎనిమిది వేల కిలోమీటర్లు, టాక్సీ కాదు, ఒకే యజమాని.

"నువ్వొద్దంటివి గదన్నా," అన్నాను.

"నీకు కావల్లంటే నాకొద్దంటానా పాపా?"

అన్న అంతే. పైకి కసురుతాడు, తర్వాత తానే పరుగెత్తుతాడు. నా మీద ప్రేమ లేకపోతే ఇదంతా ఎందుకు చేస్తాడు? ఎవరేమన్నా సరే, మంచివాడు.

సెప్టెంబరు 14, ఆదివారం

నెమలికంఠం రంగు.

రంగు చూసి మురిసిపోయే మనిషిని కాదు నేను. కానీ రాయకుండా ఉండలేను. ఎండలో నీలం, నీడలో పచ్చ. కర్నూలు బైపాస్ మీద ఆరు కిలోమీటర్లు నేనే తోలాను. చప్పుడు లేదు. కుడిపాదం కొంచెం ఆనిస్తే చాలు, ఎవరో మెల్లగా వీపు తట్టి ముందుకు పంపినట్టు కదిలింది. లారీ పక్క నుంచి పోయినా భయం వేయలేదు.

లోపల మల్లెపూల సెంటు ఘాటుగా ఉంది. కింద తివాసీ కొత్తది. అరుణ్ కుమార్ నవ్వుతూ, "మీకోసమే ఏపిచ్చినా మేడం," అన్నాడు. వర్క్‌షాపులో బ్యాటరీ పరీక్ష చేయిద్దామన్నాను. "ఎందుకు మేడం? నూరు చూపిస్తాండాది, మీరే చూడండి," అన్నాడు. ఆ నూరు ఏమిటో నాకు తెలుసు. అయినా తల ఊపాను.

పాత సర్వీసు కాగితాలు బెజవాడలో ఉన్నాయట, తెప్పిస్తాడట. శుభ్రంగా పెట్టుకునే వాళ్ళే తివాసీ మారుస్తారు. అందులో తప్పేముంది?

వచ్చే ఆదివారం అడ్వాన్సు ఇచ్చేస్తానన్నాను.

సెప్టెంబరు 15

రంగు చూసి మురిసిపోయే మనిషిని కాదు నేను.

సెప్టెంబరు 18, గురువారం

బడి నుంచి వస్తూ బస్సులో లెక్క వేశాను. ఆగస్టులో రాసుకున్న జాగ్రత్తల్లో నేను నిజంగా చూసినవి రెండే. టైర్లు, చార్జింగ్ పెట్టే చోట పిన్నులు. పదో తరగతి పిల్లవాడు ప్రయోగం ఇలా చేసి రికార్డు తెస్తే విసిరి కొడతాను.

కంబన్న మామను ఆదివారం కర్నూలుకు రమ్మని అడిగాను. అన్నకు ఇది నచ్చలేదు. "నేనుండంగా ఆ ముసిలాయన ఎందుకు?" అన్నాడు.

"ఊరికేలే అన్నా."

సెప్టెంబరు 21, ఆదివారం

మామ కారు చుట్టూ తిరగలేదు. నేరుగా తలుపు తీసి, లోపల కూర్చుని, కళ్ళు మూసుకుని ఊపిరి పీల్చాడు. మమ్మల్ని పట్టించుకోలేదు.

"ఈ కరెంటు బండి సంగతి నాకు తెలీదు బిడ్డా. నీళ్ళు తాగిన బండి వాసన మాత్రం తెలుసు."

"వానాకాలం గదా పెద్దాయనా, తడి గొడుగు పెట్టింటాం," అన్నాడు అరుణ్ కుమార్.

మామ సీటు బెల్టు పట్టుకుని లాగాడు. మామూలుగా మనం లాగేంత వరకు నల్లగా మెరుస్తోంది. ఇంకా లాగాడు. పూర్తిగా, ఇక రానంత వరకు. చివరి రెండు జానలు మట్టి రంగులో బిరుసుగా ఉన్నాయి. గోటితో గీకితే ఒండ్రు పొడిగా రాలింది. తర్వాత సీటు కింద బోల్టులు చూపించాడు, తుప్పు. వెనక స్టెప్నీ తీసి చూపించాడు. దాని గుంతలో మూలకు ఎండిపోయిన బురద, పగిలిన చెరువు మన్నులా.

"పోయినేడు బెజవాడ వరదలో మునిగినట్టుండాది. సీట్ల కాడికి నీళ్ళొచ్చినాయి. ఇంజను బండైతే కడిగి ఎండబెట్టుకుంటారు. దీనికి అడుగంతా బ్యాటరీనే అంటివి గదమ్మా?"

అవును, నేనే చెప్పాను. నీళ్ళు లోపలికి పోతే ఇవాళ కాకపోయినా రేపు చెడుతుంది, వారంటీ కూడా ఇవ్వరు. ఇంకా చెడుగా, నడుస్తుండగానే నిప్పు అంటుకోవచ్చు. తలుపులు బిగించిన కారులో, ఈ కాలితో నేను ఎంత వేగంగా దిగగలను?

అరుణ్ కుమార్ ఏదేదో అంటున్నాడు. నేను అన్న వైపు చూశాను. అందరం బెల్టును చూస్తుంటే అన్న ఒక్కడే బెల్టును చూడలేదు. నా మొహాన్ని చూస్తున్నాడు.

అన్నకు ముందే తెలుసు.

సెప్టెంబరు 22, సోమవారం

నిన్న జరిగింది మొత్తం రాయలేదు. ఇప్పుడు రాస్తాను.

 ఇంటికి వచ్చాక అన్న వరండాలో కూర్చున్నాడు. నేను నిలబడే అడిగాను.

"నీకు తెలుసు గదన్నా?"

"నడుస్తాండాది గదా పాపా బండి. బాగా ఎండబెట్టినారంట. వాడే చెప్పినాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే కొంటావా నువ్వు?"

తర్వాత తనంతట తానే అన్నాడు. "నువ్వు తోలేదేంది పాపా? బండి ఇంటికొచ్చిందంటే నేనే గదా తోలేది. పొద్దున దింపి సాయంత్రం తెచ్చుకుంటా. లారీ వాళ్ళు గూడా పిలవడం మానేసినారు. నాకూ ఒక పని ఉండాదనుకుంటా ఉండా."

ఆ మాటకు నా కోపం కరిగిపోయి ఉండేది. మామూలుగా అయితే అంతే. జాలి పడి లోపలికి వెళ్ళిపోయేదాన్ని.

"ఆ పొద్దు వాన లేదన్నా," అన్నాను.

అన్న తల ఎత్తలేదు.

ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. జులై ఎనిమిది, మంగళవారం. వాన లేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. వంకలో ఇసుక తెల్లగా ఎండిపోయి ఉంది. ఏడున్నరకు నేను బండి ఎక్కుతున్నప్పుడే అన్న చొక్కా నుంచి సారా వాసన వచ్చింది. పొద్దున ఏడున్నరకు. ఎక్కాను. అదేం మొదటిసారి కాదు. నాన్న పోయిన తర్వాత మొదలైంది, మూడేళ్ళు. రోజూ ఎక్కుతూనే ఉన్నాను. ఎక్కనంటే బడికి ఎలా వెళ్ళాలి? దిగితే అన్న నొచ్చుకుంటాడు. వంక దగ్గర బండి దానంతట అదే రోడ్డు దిగింది, అన్న తల వాలిపోయింది. నేను పిలిచాను. నా మణికట్టు విరిగినప్పుడు పుల్ల విరిగినట్టు చప్పుడైంది. ఆస్పత్రిలో డాక్టరు అడిగితే వాన అని ముందు చెప్పింది అన్న కాదు, నేనే.

ఇంకెప్పుడూ అన్న వెనక కూర్చోను. పక్కన కూడా, అన్న తోలేటట్టయితే.

ఈ మాట అన్నతో కూడా అన్నాను. లేచి వీధిలోకి వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు 30

అన్న మాట్లాడటం లేదు. బస్సు. ఎండ.

అక్టోబరు 5, ఆదివారం

వదిన ఇంటి వెనక బట్టలు పిండుతుంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. చెప్పాలి, ఇక దాచకూడదు అనుకున్నాను. నోరు తెరవకముందే వదిన అంది.

"నాకు తెలుసులే సుజనా. ఆయన బట్టలు ఉతికేది నేనే గదా. బురదలో పడిన చొక్కాకు బురద యాడుండాది? అంతా దుమ్మే."

"మరి ఎందుకు అడగలేదు వదినా?"

"నువ్వు వాన అన్నావు గదా. నువ్వే అట్లంటే నేనేమని అడగల్ల?"

పిండిన చీర రెండో కొస నాకు అందించింది. ఇద్దరం చెరో వైపు పట్టుకుని దులిపి ఆరేశాం. ఆయనకు కోపమొస్తే నువ్వు భయపడొద్దు, నువ్వు కొనుక్కో, అని మాత్రం అంది.

అక్టోబరు 10, శుక్రవారం

లైసెన్సు పరీక్ష పాసయ్యాను. ఎనిమిది ఆకారంలో వెనక్కూ ముందుకూ. కంబన్న మామ చెట్టు కింద నిలబడి, నా కంటే ఎక్కువ చెమటలు కక్కాడు.

అక్టోబరు 26, ఆదివారం

కమలాపురం. పొద్దున రైల్లో నేనొక్కదాన్నే వెళ్ళాను. మామకు కంటి ఆపరేషను అయింది, రాలేడు. కానీ ఎలా చూడాలో అన్నీ చెప్పి పంపాడు.

ఫోనులో ప్రకటన చూసి మాట్లాడిన ఆమె పేరు నాగలత, పశువుల డాక్టరు. నాలుగేళ్ళుగా తానే తోలింది. ఇప్పుడు బద్వేలు అవతలికి బదిలీ అయింది, అక్కడ తిరగాల్సిన దూరాలకు ఈ బండి చాలదట. కారు తెల్లది. తెల్లది కూడా కాదు, ఎండకు మాసిన సున్నం రంగు. వెనక సీటు మీద గేదె మందుల వాసన. కుడి తలుపు మీద జానెడు గీత.

నేను ముందు బెల్టు లాగాను, చివరి దాకా. ఆమె ఆశ్చర్యంగా చూసి, తర్వాత నవ్వింది. "ఎవురో నీకు బాగా నేర్పినారక్కా. ఇంకా ఏం చూడల్లో అన్నీ చూడు. నాకు పనేం లేదు ఈ పొద్దు."

స్టెప్నీ తీయించాను. బోల్టులు చూశాను. చార్జింగ్ పిన్నులు ఫోను లైటు వేసి చూశాను, నలుపు లేదు. కారుతో వచ్చిన చార్జింగ్ వైరు అడిగితే లోపలి నుంచి తెచ్చింది. నేను అడగనివి ఆమె చెప్పింది. చిన్న బ్యాటరీ, పన్నెండు వోల్టులది, బలహీనంగా ఉంది, తానే మార్పించి ఇస్తుంది. ఒకసారి రాయి తగిలి అడుగున నొక్కుపడింది, వర్క్‌షాపులో చూపించింది, కాగితం ఉంది.

"కంపెనీ వాళ్ళు ఎంతో చెప్తారు. ఎండాకాలం ఏసీ ఏస్తే నూట అరవై కిలోమీటర్లకు మించి రాదక్కా. రాసుకో."

రాసుకున్నాను. అమ్మే మనిషి నోట తక్కువ అంకె వినడం ఇదే మొదటిసారి.

అయినా సరే అనలేదు. శనివారం కడపలో పరీక్ష చేయించాక చెబుతానన్నాను. అదే సరైన పద్ధతి అంది.

నవంబరు 1, శనివారం

కమలాపురంలో నూరు శాతం నింపి నాగలత, నేను బయలుదేరాం. కడప వెళ్ళి, తిరిగి కమలాపురం. ఏసీ లేకుండా, యాభైకి మించకుండా నేనే తోలాను. ఒక్కో శాతానికి కిలోమీటరు తొమ్మిది వందల మీటర్లు. లెక్క రెండుసార్లు సరిచూశాను.

కడప వర్క్‌షాపులో బండిని పైకెత్తి అడుగు చూపించారు. నొక్కు అరచేతి అంత, లోతు లేదు. యంత్రం తగిలించారు. బ్యాటరీ ఆరోగ్యం తొంభై ఒకటి శాతం. గబగబా చార్జింగ్ పెట్టింది నాలుగేళ్ళలో చాలా తక్కువసార్లు. వారంటీ నా పేరుకు మారుతుందని, దానికి ఏ కాగితాలు కావాలో రాసిచ్చారు. ఆర్.సి. మీద బ్యాంకు పేరు లేదు, అంటే బండి మీద అప్పు లేదు.

కొంటున్నాను.

నెమలికంఠం రంగు ఒక్క క్షణం గుర్తొచ్చింది. అబద్ధం ఎందుకు రాయాలి, గుర్తొచ్చింది.

నవంబరు 6, గురువారం

కరెంటు పనిచేసే ఈరేష్ వచ్చి చూసి, ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదు, అలాగే చార్జింగ్ పెడితే ప్రమాదం, వేరే గుంత తీయాలి అన్నాడు. మా పెరడంతా రాయి. ఇద్దరు కూలీలు చూసి వెళ్ళిపోయారు.

సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి పెరట్లో గడ్డపార చప్పుడు. అన్న. నడుం లోతు దాకా తవ్వేశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. నేను గట్టు మీద కూర్చున్నాను. ఉప్పు, బొగ్గు ఒక వరుస తర్వాత ఒక వరుస ఎలా వేయాలో చెప్పాను, అలాగే వేశాడు.

"ఆదివారం బండి తేనీకి నీ ఎంట ఎవురొస్తాండారు?" పైకి చూడకుండా అడిగాడు.

"ఎవరూ లేరు."

"నేనొస్తా."

"నేనే తోలతా అన్నా."

"తోలు."

నవంబరు 9, ఆదివారం

తెచ్చాను.  చీకటి పడకముందే రాసేస్తాను.

పొద్దున రైల్లో అన్న నీళ్ళ సీసా మూత తీయలేకపోయాడు. చేతులు వణికాయి. నేను తీసి ఇచ్చాను.  వాసన మాత్రం లేదు.

కమలాపురంలో పదిన్నరకు నూరు శాతంతో బయలుదేరాం. డోన్‌కు తాడిపత్రి, గుత్తి మీదుగా నూట డెబ్భై కిలోమీటర్లు. గుత్తిలో హైవే హోటలు దగ్గర చార్జింగ్ పెట్టుకుందామని నా లెక్క. తాడిపత్రి దాకా అన్న ఊపిరి బిగబట్టే కూర్చున్నాడు. లారీ ఎదురైన ప్రతిసారీ లేని బ్రేకును కాలితో తొక్కాడు.

ఊరు దాటాక, "నాకియ్యి పాపా, కాసేపు. ఇరవై ఏళ్ళు లారీ తోలినోణ్ణి," అన్నాడు.

"వద్దులే అన్నా."

రెండోసారి అడగలేదు.

గుత్తి చేరేసరికి ఇరవై ఏడు శాతమే ఉంది. నేను అనుకున్న దానికంటే చాలా తక్కువ. అప్పుడు వెలిగింది. కమలాపురం పల్లంలో ఉంది, డోన్ ఎత్తులో ఉంది. దారంతా ఎక్కుతూనే వచ్చాం. పైగా ఉత్సాహంలో డెబ్భై మీద తోలాను. ఫిజిక్సు టీచరును, ఎత్తు లెక్క వేయలేదు!

హోటలు దగ్గర చార్జింగ్ యంత్రం చీకటిగా ఉంది. లైను మరమ్మతని పొద్దుటి నుంచి కరెంటు లేదట, ఎప్పుడొస్తుందో తెలియదట. గంటసేపు చూశాం. రాలేదు.

డోన్‌కు నలభై ఆరు కిలోమీటర్లు. ఒక శాతానికి ఒకటీ తొమ్మిది చొప్పున, ఇరవై ఏడుకు యాభై ఒకటి. ఎక్కుడు దారి తీసేస్తే మిగిలేది దాదాపు ఏమీ లేదు. కాగితం మీద మళ్ళీ వేశాను. ఏసీ వద్దు, యాభై దాటవద్దు.

అన్న బయట నిలబడి ఆలోచించి, కిటికీ దగ్గరికి వచ్చాడు. "నేను బస్సులో వస్తాలే పాపా. బండికి బరువు తగ్గుతాది."

మొహం చూశాను. బరువు గురించి కాదు, పొద్దున వణికిన ఆ చేతుల గురించి.

"నీ బరువుకు ఒక కిలోమీటరు కూడా తేడా రాదన్నా. ఎక్కు."

ఎక్కాడు.

హైవే మీద ఎడమ వరుసలో యాభై మీద పోతుంటే ప్రతి లారీ హారను కొట్టి తిట్టి పోయింది. నా చెవులు వేడెక్కాయి. అన్న మాత్రం మెల్లగా చెప్పడం మొదలుపెట్టాడు. "వాళ్ళు కొట్టుకోనీలే. నువ్వు నీ వరుస వదలొద్దు. ముందర ఎక్కుడుండాది, ఎక్కేటప్పుడు తొక్కద్దు, ఇప్పుడే కొంచెం ఊపు పట్టు. ఆ... ఇంగ వదిలేయ్. ఇది దిగుడు, కాలు తీసేయ్." ఆ రోడ్డులో ఎక్కడ ఎక్కుడో ఎక్కడ దిగుడో అన్నకు అరచేతి గీతల్లా తెలుసు. లోడు లారీతో ఇరవై ఏళ్ళు తిరిగిన దారి. నేను తోలాను, అన్న దారి చదివాడు.

పదహారు. పదకొండు. ఎనిమిది దగ్గర ఎర్ర బొమ్మ వెలిగింది, బండి గంట కొట్టింది.  నేను పైకే, "వస్తుంది," అన్నాను.

ఇంటి ముందు ఆపినప్పుడు నాలుగు శాతం.

వదిన గేటు తీసింది. కంబన్న మామ నల్లకళ్ళద్దాలతో వచ్చి చుట్టూ తిరిగి, తలుపు తీసి వాసన చూసి, "గేదెల వాసన," అన్నాడు. "మంచి వాసన."

నవంబరు 10, సోమవారం

ఎనిమిదీ యాభైకి బడిలో సంతకం పెట్టాను. హెడ్‌మాస్టరు రిజిస్టరు నుంచి తలెత్తి కిటికీలోంచి చూశాడు. మళ్ళీ నన్ను చూశాడు. ఈసారి రిజిస్టరు మూయలేదు.

అన్న పొద్దున నిద్రపోతున్నాడు, వదిన లేపలేదు. ఇవాళ ఎలా ఉంటాడో, రేపు ఎలా ఉంటాడో నాకు తెలియదు. నా బడి మాత్రం ఇక దాని మీద ఆధారపడి లేదు.

నాలుగింటికి బడి వదిలాక రోడ్డు మీదికి వచ్చాను. ఎడమకు తిరిగితే డోన్. కుడికి ఏముందో నాకు తెలియదు. ఐదు నెలలుగా ఈ ఊరికి వస్తున్నాను, ఆ వైపు ఎప్పుడూ వెళ్ళలేదు. నన్ను దింపేవాళ్ళకు ఆ వైపు పనిలేదు, కాబట్టి నాకూ లేదు. డెబ్భై ఆరు శాతం ఉంది.

కుడికి తిప్పాను.

ఏమీ లేదక్కడ. రోడ్డు, ఎర్ర చేలు, కోసి కుప్పలు పోసిన ఉల్లిగడ్డలు, గోతాలు కుట్టే ఆడవాళ్ళు. ఐదారు కిలోమీటర్లు వెళ్ళి ఒక చింతచెట్టు కింద ఆపి అద్దం దించాను. ఘాటైన ఉల్లి వాసన. గోతాల దగ్గరి ఒక ముసలామె లేచి వచ్చి లోపలికి తొంగి చూసింది. నన్ను చూసింది, పక్క సీటు చూసింది, వెనక సీటు చూసింది. ఎవరూ లేరు.

"యాడికి పోవల్లమ్మా? దారి తప్పినావా?"

"లేదవ్వా. ఊరికే వచ్చినా."

"ఊరికేనా?" అని నోరు తెరిచి నవ్వింది. వెనక్కి తిరిగి మిగతావాళ్ళతో గట్టిగా అంది, "ఈయమ్మ ఊరికే వచ్చిందంట!"

అవును. ఊరికే వచ్చాను. నలభై రెండేళ్ళలో మొదటిసారి.